ఒక్క వరుసలో మా ఊరు: జిల్లా జనగణన పుస్తకంతో నా అనుభవం

డిసెంబరులో యలహంక పాత ఊళ్ళో ఒక జిరాక్సు దుకాణంలో 36 పేజీలు అచ్చు వేయించాను. పేజీకి 2 రూపాయలు, స్పైరల్ బైండింగుకు 40, కలిపి 112 రూపాయలు అయింది. ఒక ప్రతికి ఖర్చు అంతే, పుస్తకం ఉచితం. 2011 జనాభా లెక్కలు పూర్తయ్యాక ప్రభుత్వం జిల్లాకు ఒకటి చొప్పున వెలువరించిన పుస్తకాల్లో అనంతపురం జిల్లాది ఇది. డిస్ట్రిక్ట్ సెన్సస్ హ్యాండ్‌బుక్ అంటారు. నేను అచ్చు వేయించింది మా మండలానికి సంబంధించిన పేజీల వరకే. అప్పటి నుంచి నా ఆదివారాలు చాలావరకు ఈ పేజీలతోనే గడిచాయి. బెంగళూరులో ఉంటూ సొంత ఊరి పని నెత్తికెత్తుకున్నవాళ్ళకు ఇది ఎంతవరకు తోడొస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చెప్పాలని రాస్తున్నాను.

నేను దొడ్డబళ్ళాపురం దగ్గర ఒక బట్టల ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాను. 2009 నుంచి కాపురం యలహంకలోనే. పుట్టింది హిందూపురానికి తూర్పున, లేపాక్షి వైపు ఉన్న ఒక చిన్న పల్లెలో. యలహంకలో రైలెక్కితే దొడ్డబళ్ళాపురం, గౌరీబిదనూరు దాటి హిందూపురంలో దిగుతాం. అక్కడి నుంచి బస్టాండుకు వెళ్ళి ఊరి బస్సు కోసం చూడాలి. బస్సు ప్రధాన ఊళ్ళో రామాలయం దగ్గర దింపి వెనక్కి తిరుగుతుంది. మా పల్లె అక్కడికి ఇంకా 3 కిలోమీటర్లు. బెంగళూరు నుంచి హిందూపురం 100 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఆ దూరం కూర్చునే గడిచిపోతుంది. చంకలో పిల్లాడు, చేతిలో సంచి పెట్టుకుని ఎండలో నడిచిన ఈ 3 కిలోమీటర్లే నాకు గుర్తున్నాయి.

మా పల్లెవాళ్ళం బెంగళూరులో 11 కుటుంబాలు ఉన్నాం. కొందరు యలహంకలో, కొందరు జక్కూరులో, ఇద్దరు పీణ్యలో. కార్తీక మాసంలో జక్కూరులో మా చిన్నాన్న మనవడి నామకరణానికి అందరం కలిశాం. భోజనాలయ్యాక మాట ఊరి బస్సు మీదికి మళ్ళింది. ఊళ్ళో ఆగిపోయే బస్సును మా పల్లె దాకా పొడిగించమని అర్జీ పెడదాం అన్నారు. మా చిన్నాన్న ఒక్కటే అన్నాడు: "నోటిమాటగా చెబితే ఎవరూ రాసుకోరమ్మా. ఎంతమంది ఉన్నారు, ఎంత దూరం, ఇప్పుడు ఎలా వెళ్తున్నారు, ఇవన్నీ ప్రభుత్వం కాగితం మీద చూపించాలి. అంకెల పని నీది." ఆ పని కోసమే ఈ పుస్తకం వెతికాను.

వెతకడంలోనే చాలామంది ఆగిపోతారు కాబట్టి ముందు ఆ సంగతి. లేపాక్షి ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఆ జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. 2011 లెక్కలు జరిగినప్పుడు అది లేదు, తెలంగాణ కూడా విడిపోలేదు. కాబట్టి జనగణన శాఖ వెబ్‌సైటులో పాత ఆంధ్రప్రదేశ్ కింద అనంతపురం జిల్లా తెరవాలి. రాష్ట్రం సంకేత సంఖ్య 28, జిల్లాది 553. ప్రతి గ్రామానికీ దేశం మొత్తం మీద మరొకదానికి లేని 6 అంకెల సంఖ్య ఉంటుంది. ఒకే పేరున్న ఊళ్ళు మా సీమలో పక్కపక్క మండలాల్లోనే కనిపిస్తాయి. ఊరి పేరు ఇంగ్లీషులో ఏ అక్షరాలతో రాశారో ఊహించడం కూడా కష్టం. అందుకని ఒకసారి సంఖ్య దొరికిందంటే దాన్ని రాసి పెట్టుకోండి, మళ్ళీ పేరుతో అవసరం రాదు. ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది. ఫ్యాక్టరీలో సరుకుకు సంకేతం ఇచ్చినట్టే, పేరు ఎవరు ఎలా రాసినా ఊరు తప్పిపోదు.

పుస్తకం రెండు భాగాలు. మొదటిది గ్రామ డైరెక్టరీ, అంటే ఊళ్ళో ఏముంది, ఏది లేదు అన్నది. రెండోది ఊరివారీగా జనాభా వివరాలు. నేను రెండోదానితో మొదలుపెట్టాను.

ఒక ఊరికి ఒక వరుస. ఆ వరుసలో కుటుంబాలు, మొత్తం జనం, మగవాళ్ళు, ఆడవాళ్ళు, ఏడేళ్ళు నిండని పిల్లలు, ఎస్సీలు, ఎస్టీలు, అక్షరాస్యులు, పనిచేసేవాళ్ళు ఉంటారు. పనిచేసేవాళ్ళలో మళ్ళీ ఏడాదిలో 6 నెలలు, అంతకు మించి పని దొరికినవాళ్ళు వేరు, అంతకన్నా తక్కువ దొరికినవాళ్ళు వేరు. వాళ్ళను సొంతంగానో కౌలుకో సేద్యం చేసేవాళ్ళు, వ్యవసాయ కూలీలు, ఇంటిదగ్గరి చేతిపనులవాళ్ళు, ఇతరులు అని నాలుగుగా విడదీశారు. వరుస ఒక పేజీలో పూర్తి కాదు. అదే ఊరి మిగతా గడులు తరవాతి పేజీల్లో వస్తాయి. స్కేలు పెట్టుకుని చదివాను. ఆడ, మగ కలిపితే మొత్తానికి సరిపోయింది, నాలుగు రకాల పనివాళ్ళను కూడితే పైన ఇచ్చిన మొత్తం వచ్చింది. మా మండలంలోని ఊళ్ళన్నింటికీ ఇలా కూడి చూశాను. ఎక్కడా తేడా రాలేదు. రోజంతా బిల్లులు సరిచూసే దాన్ని, ఇలా తేలిన పట్టిక మీద నాకు గౌరవం కలుగుతుంది. దీని వెనక 2011 ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా ఇల్లిల్లూ తిరిగిన బడి పంతుళ్ళు, అంగన్‌వాడీ కార్యకర్తలు ఉన్నారని తెలుసు కాబట్టి ఇంకా ఎక్కువ.

ఒక జాగ్రత్త చెప్పాలి. అక్షరాస్యత శాతం కట్టేటప్పుడు అక్షరాస్యుల సంఖ్యను మొత్తం జనాభాతో భాగించకూడదు. ఏడేళ్ళు నిండని పిల్లలను ముందు తీసేయాలి. ఊళ్ళో 1000 మంది ఉండి, అందులో అలాంటి పిల్లలు 100 మంది, చదువు వచ్చినవాళ్ళు 540 మంది అనుకోండి. 540 ని 1000 తో భాగిస్తే 54 శాతం వస్తుంది. సరైన లెక్క 900 తో, అంటే 60 శాతం. మా వాళ్ళలో ఒకబ్బాయి మొదటి రకంగా కట్టి, "మన ఊరు జిల్లా కన్నా ఇంత వెనకబడిందా అక్కా" అని దిగులుపడ్డాడు. 2011లో అనంతపురం జిల్లా అక్షరాస్యత 63.57 శాతం, ఉమ్మడి రాష్ట్రానిది 67.02. ఈ రెండూ పిల్లలను తీసేసి కట్టినవే. సరిచేశాక మా ఊరు జిల్లా సగటుకు దగ్గరగానే తేలింది. అర్జీలో తప్పు శాతం రాసి ఉంటే మొదటి చూపులోనే మా కాగితం విలువ పోయేది.

జిల్లా జనాభా అప్పుడు 40,81,148. నూటికి 70 మందికి పైగా పల్లెల్లోనే. ఆ లెక్కలో నేను లేను. జనాభా లెక్కల్లో మనిషిని పుట్టిన ఊరికి రాయరు, ఆ రోజుల్లో ఉంటున్న చోటికి రాస్తారు. ఎన్యుమరేటర్లు తిరిగిన ఆ 20 రోజులూ నేను యలహంకలో ఉన్నాను కాబట్టి బెంగళూరు నగర జిల్లా 96,21,551 మందిలో చేరాను. నా సంగతి సరే. మా పల్లెలో వేరుశనగ పీకి, కాయలు అమ్ముకున్నాక, సంక్రాంతి వెళ్ళగానే బెంగళూరుకు కట్టడం పనులకు వచ్చే కుటుంబాలు ఉన్నాయి. వానలు పడే దాకా ఇక్కడే షెడ్లలో ఉంటారు. ఆ 20 రోజులూ పూర్తిగా ఊళ్ళో లేనివాళ్ళు ఊరి వరుసలోకి రారు. ఫిబ్రవరిలో మా ఊరు తాళాల ఊరు. శ్రావణంలో వెళ్ళి చూస్తే ప్రతి గుమ్మం ముందూ ముగ్గు ఉంటుంది. బస్సు ఏడాది పొడవునా ఎంతమందికి కావాలో లెక్కగట్టేవాళ్ళు ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకోవాలి.

ఇక మొదటి భాగం. నాకు అసలు పని దీనితోనే. బడి, ఆసుపత్రి, తాగునీరు, తపాలా, బ్యాంకు, చౌకధరల దుకాణం, వారపు సంత, వేసవిలో ఇన్ని గంటలు, చలికాలంలో ఇన్ని గంటలు అని కరెంటు సరఫరా, చెరువు కింద ఎంత, బోర్ల కింద ఎంత అని సాగుభూమి, అన్నీ ఊరూరికీ ఉన్నాయి. ఇవి చదువుతూ కూర్చుంటే పూట గడిచిపోతుంది. రవాణాకు వచ్చేసరికి ప్రభుత్వ బస్సు, ప్రైవేటు బస్సు, రైల్వే స్టేషను, ఆటో, టాక్సీ, వ్యాను, ట్రాక్టరు, తొక్కుడు రిక్షా, పశువులు లాగే బండి, చివరికి పడవ దాకా ఒక్కో దానికి ఒక్కో గడి. గోదావరి లంకలకూ మా మెట్ట ఊళ్ళకూ ఒకే నమూనా కాబట్టి పడవ గడి మాకూ ఉంది. జాతీయ రహదారి, రాష్ట్ర రహదారి, జిల్లా రోడ్డు ఊరిని తాకుతున్నాయా, ఊళ్ళో రోడ్డు తారుదా, కంకరదా, మట్టిదా, కాలిబాటేనా అన్నదీ రాశారు. దగ్గరి పట్టణం పేరు, దానికి ఎన్ని కిలోమీటర్లో కూడా ఉంది. ఒక పల్లెటూరి రాకపోకల గురించి ఇంత వివరం ఒకేచోట నేను ఇంకెక్కడా చూడలేదు.

సౌకర్యం ఊళ్ళో ఉంటే ఉన్నట్టు గుర్తు. లేకపోతే అది దొరికే దగ్గరి చోటు ఎంత దూరమో మూడు అక్షరాల్లో చెబుతారు: 5 కిలోమీటర్ల లోపైతే ఎ, 5 నుంచి 10 అయితే బి, 10 దాటితే సి. దేశంలో 6 లక్షలకు పైగా ఉన్న గ్రామాలను ఒక కొలతలో పెట్టడానికి ఇది వీలైన పద్ధతే. జిల్లాల మధ్య పోల్చిచూసేవాళ్ళకు సరిపోతుంది. ఒక్క ఊరి కోసం చదివేవాళ్ళకు మాత్రం ఆ అక్షరాలు చాలవు. హిందూపురం రైల్వే స్టేషను మా ఊరికి సి. స్టేషను 11 కిలోమీటర్లలో ఉన్న ఊరికీ, 70 కిలోమీటర్లలో ఉన్న ఊరికీ అదే సి. ఎ అన్న గడిలో అర కిలోమీటరూ ఉంటుంది, నాలుగున్నర కిలోమీటర్లూ ఉంటాయి. పొద్దున్నే బడికి వెళ్ళే పదేళ్ళ పిల్లకు ఈ రెండూ ఒకటి కావు. నెలలు నిండిన మనిషికి అసలే కావు.

ఇప్పుడు నన్ను చాలా రోజులు నిద్రపోనీయని విషయం చెబుతాను.

మా ఊరి వరుసలో బస్సు గడి దగ్గర "ఉంది" అని గుర్తు ఉంది. అది నిజమే. ఊళ్ళోకి బస్సు వస్తుంది, నా చిన్నప్పటి నుంచీ వస్తోంది. అయితే ఈ పుస్తకానికి గ్రామం అంటే రెవెన్యూ గ్రామం, అంటే భూమి రికార్డుల్లో ఒకే గ్రామంగా చూపించే ప్రాంతమంతా. మా రెవెన్యూ గ్రామం కింద ప్రధాన ఊరు కాక నాలుగు మజరాలు, అంటే శివారు పల్లెలు, ఉన్నాయి. మా పల్లె అందులో ఒకటి. మజరాలకు విడిగా వరుసలు ఉండవు. మా అవ్వ, మా అత్త, మా చిన్నాన్న పిల్లలు, అందరూ ఆ వరుసలోని జనాభా అంకెలో ఉన్నారు. సౌకర్యం గడికి వచ్చేసరికి రెవెన్యూ గ్రామంలో ఎక్కడో ఒకచోట ఉంటే ఊరంతటికీ ఉన్నట్టే. ఐదు చోట్ల బతికే జనాన్ని ఒక అంకెలో కలిపారు, ఒకచోట ఆగే బస్సును ఐదు చోట్లకూ పంచారు. పుస్తకం అబద్ధం చెప్పలేదు. గ్రామం అన్నదానికి నిర్వచనం ముందుమాటలో చక్కగా రాసే ఉంది. ముందుమాట వదిలేసి గుర్తు ఒక్కటే చూసేవాళ్ళ చేతిలో మాత్రం మా 3 కిలోమీటర్లు మాయమైపోతాయి.

అదే జరిగింది కూడా. అర్జీ మొదటి ప్రతి పట్టుకుని నేనూ, మా చిన్నాన్నా జనవరి మొదట్లో ఒక కార్యాలయానికి వెళ్ళాం. అక్కడి అధికారి మర్యాదగానే కూర్చోబెట్టారు. నేను జతచేసిన పేజీలు తిరగేసి, నా వేలు ఉన్నచోటే ఆయన వేలు పెట్టి, "మీ ఊరికి బస్సు ఉన్నట్టు మీరే తెచ్చిన కాగితంలో ఉంది కదమ్మా" అన్నారు. ఒక్క క్షణం నాకు మాట రాలేదు. తరవాత చెప్పాను: "సార్, ఈ వరుసలో ఉన్న జనంలో మా పల్లెవాళ్ళు ఉన్నారు. ఆ బస్సు ఆగేచోట మా పల్లె లేదు." ఆయన కాసేపు ఆ పేజీ చూసి, "అయితే మీ పల్లె వరకు విడిగా రాసి తీసుకురండి" అన్నారు. తిరుగు రైల్లో గౌరీబిదనూరు వచ్చేదాకా ఏడుపు గొంతులోనే ఉంది. ఆ మనిషి మీద కోపంతో కాదు. మా అవ్వ 60 ఏళ్ళు నడిచిన దారి ఒక గుర్తు కింద కనిపించకుండా పోయిందని.

సంక్రాంతికి పల్లెలో నాలుగు రోజులు ఉన్నాను. పుస్తకంలోని గడులనే ఒక నోటుపుస్తకంలో గీసుకుని, మా మేనకోడలిని వెంట పెట్టుకుని గడప గడపకూ తిరిగాను. 94 ఇళ్ళు. పండగ రోజుల్లోనే 21 ఇళ్ళకు తాళాలు. మిగిలిన 73 ఇళ్ళలో 268 మంది. ఊళ్ళో బడికీ, హిందూపురంలో కాలేజీకీ రోజూ వెళ్ళేవాళ్ళు 41 మంది, అందులో ఆడపిల్లలు 23. డెబ్బై ఐదు దాటి ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళు 9 మంది. మోటారుసైకిళ్ళు 38. ఈ 38 ఉన్నాయి కదా, ఇంక బస్సెందుకు అని అడిగేవాళ్ళు ఉంటారని, ఎవరు నడుపుతారో కూడా రాశాను. 36 మగవాళ్ళవే. ఆడవాళ్ళు వెళ్ళాలంటే ఇంట్లో మగమనిషి ఖాళీ దొరకాలి, లేదా తెల్లవారుజామున పాల బండి ఎక్కాలి, లేదా నిండేదాకా కదలని సర్వీసు ఆటో కోసం చూడాలి. పట్టుపురుగులు పెంచే ఇళ్ళు 17. గూళ్ళు పండిన రోజు ట్రాలీ ఆటో మాట్లాడుకుని హిందూపురం గూళ్ళ మార్కెట్టుకు వెళ్తారు. అదే ఆటోలో ఆ రోజు ఆసుపత్రి పనులున్న ముసలివాళ్ళు కూడా గూళ్ళ సంచుల పక్కన ఒదిగి కూర్చుంటారు. ఇలాంటి ప్రయాణానికి ఏ పట్టికలోనూ గడి లేదు. నా నోటుపుస్తకంలో పెట్టాను.

దూరం మూడు రకాలుగా కొలిచాను. మా తమ్ముడి బండి మీటరు, నా ఫోను, నా నడక. రామాలయం నుంచి మా రచ్చకట్ట దాకా 3.1 కిలోమీటర్లు, నా నడకకు 43 నిమిషాలు, మా అవ్వ నడకకు గంటన్నర. దారి తారుదే. మధ్యలో వంక మీద ఒక కల్వర్టు ఉంది. హిందూపురం బస్టాండులో ఒక పెద్దాయన, ముప్పై ఏళ్ళు బస్సు నడిపి విశ్రాంతి తీసుకుంటున్నవారు, నాకు ఇంకో మాట చెప్పారు: "రోడ్డు ఉంటే చాలదమ్మా. పల్లెలో బస్సు తిప్పుకునే జాగా ఉందా, కరెంటు తీగలు ఎంత ఎత్తులో ఉన్నాయి, చింతకొమ్మలు దారి మీదికి వచ్చాయా, అవి చూడు. డ్రైవరు ముందు చూసేది అదే." మళ్ళీ వెళ్ళి చూశాను. బడి ముందు ఖాళీ జాగా బస్సు తిరగడానికి సరిపోతుంది. రెండుచోట్ల చింతకొమ్మలు కొట్టాలి. సంక్రాంతి మర్నాడే మా వాళ్ళు కొట్టేశారు. పుస్తకంలో "తారురోడ్డు ఉంది" అన్న గడికీ, బస్సు నిజంగా వచ్చి తిరిగి వెళ్ళడానికీ మధ్య ఇంత ఉందని ఆయన చెప్పకపోతే నాకు తెలిసేది కాదు.

జనాభా లెక్కల్లోనే రాకపోకల గురించి ఇంకో సమాచారం ఉందని తెలిసి దాన్నీ తీశాను. 2011లో మిగతా ప్రశ్నలతో పాటు, పనికి ఎంత దూరం వెళ్తారు, నడిచా, సైకిలు మీదా, బస్సులోనా అని కూడా అడిగారు. ఎంతో ఆశతో తెరిచాను. ఆ ప్రశ్న "ఇతర పనులు" చేసేవాళ్ళను మాత్రమే అడిగారు. సేద్యగాళ్ళనూ, వ్యవసాయ కూలీలనూ అడగలేదు. పైగా ఊరివారీ పట్టికలో అది రాదు. కలుపు తీయడానికి పక్క ఊరి పొలాలకు తెల్లవారకముందే నడిచే మా అత్త ఎంత దూరం నడుస్తుందో అందులో దొరకదు. పల్లె ప్రయాణం కోసం ఆ పట్టికను నమ్ముకోవద్దని చెబుతాను. ఇళ్ళ లెక్కల భాగంలో సైకిలు, మోటారుసైకిలు, కారు ఉన్న కుటుంబాల వివరాలు మాత్రం పనికొస్తాయి, చూడండి.

ఇదంతా పదిహేనేళ్ళ నాటి లెక్క కదా, ఇప్పుడెందుకు అని మా ఇంటాయన కూడా అడిగారు. 2021లో జరగాల్సిన లెక్కలు కోవిడ్ వల్ల వాయిదా పడ్డాయి. కాబట్టి పథకాలు ఇప్పటికీ నిలబడేది 2011 అంకెల మీదే. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన నాలుగో దశకు 2024 సెప్టెంబరులో కేంద్రం ఆమోదం తెలిపినప్పుడు, రోడ్డు లేని 25,000 ఆవాసాలను తీసుకున్నారు. మైదాన ప్రాంతాల్లో 500 మంది ఉండాలన్నారు, ఆ 500 కూడా 2011 లెక్కల ప్రకారమే. ఆ పథకంలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. 2000 డిసెంబరు 25న మొదలైనప్పటి నుంచీ అది రెవెన్యూ గ్రామాన్ని కాకుండా ఆవాసాన్ని, అంటే మా పల్లె లాంటి చోటును, కొలతగా పెట్టుకుంది. రోడ్డుకు అలా కొలవగలిగినప్పుడు బస్సుకూ కొలవవచ్చు. అర్జీలో ఈ మాట రాశాను.

ఇంకొక మంచి మార్పు కూడా చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగు బస్సుల్లో ప్రయాణం ఉచితం. మా అత్త ఆ నెలలోనే నాలుగుసార్లు హిందూపురం వెళ్ళివచ్చింది. అంతకు ముందు ఏడాదిలో అన్నిసార్లు వెళ్ళి ఉండదు. కళ్ళ డాక్టరుకు చూపించుకుంది, మనవరాలి కాలేజీ చూసింది. ఎన్నాళ్ళుగానో వాయిదా వేసుకున్న పనులు అవి. బస్సు ఎక్కేచోటు దాకా నడవగలిగింది కాబట్టి ఆమె వెళ్ళింది. మా అవ్వ వెళ్ళలేదు.

ఐదింటికి ఎన్ని ఇస్తావని ఎవరైనా అడిగితే ఈ పుస్తకానికి నాలుగు ఇస్తాను. ఎవరినీ అడగనక్కరలేకుండా, పైసా కట్టకుండా, ప్రతి ఊరి లెక్కా సామాన్యుల చేతికి అందడం చిన్న విషయం కాదు. తగ్గించిన ఒకటి మజరాల కోసం. రెవెన్యూ గ్రామం వరుస కింద చిన్న అక్షరాల్లోనైనా మజరాల పేర్లు, ప్రధాన ఊరి నుంచి దూరం ఇస్తే మా లాంటి వాళ్ళ పని సగమవుతుంది. ఇంకో కోరిక ఉంది. నేను దింపుకున్న ప్రతి ఇంగ్లీషులో ఉంది. మా చిన్నాన్న అందులో తన ఊరి పేరును కూడా చదవలేకపోయాడు. నేను తెలుగులో ఒక పేజీ రాసి ఇస్తే, కళ్ళజోడు పెట్టుకుని గడి గడికీ వేలు పెట్టి చదివి, చెరువు కింద సాగు దగ్గర ఆగి, "ఆ ఏడు చెరువులో నీళ్ళు లేవమ్మా, అందుకే ఇంత తక్కువ" అన్నాడు. తమ ఊరి లెక్కను చదివి సరిచూడగలిగినవాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు. వాళ్ళ భాషలో వాళ్ళకు అందాలి.

వాడదలచుకున్నవాళ్ళకు నా సలహా: మొత్తం పుస్తకం అచ్చు వేయించవద్దు, వందల పేజీలు ఉంటుంది. ముందుమాటలో గ్రామం నిర్వచనం ఉన్న పేజీ, సంకేతాల వివరణ పేజీ, మీ మండలం పేజీలు చాలు. కంప్యూటర్ తెలిసినవాళ్ళు అదే సమాచారం ఎక్సెల్ ఫైలుగా కూడా దింపుకోవచ్చు. అందులో వరుస తప్పే భయం ఉండదు. ఆఫీసులకు వెళ్ళేటప్పుడు ఆ నిర్వచనం పేజీ అన్నిటికంటే పైన పెట్టండి. నేను మొదటిసారి దాన్ని ఇంట్లో వదిలి వెళ్ళాను. ఇక మీ మజరా లెక్క మీరే రాయండి, తేదీ వేయండి, తాళాలు వేసిన ఇళ్ళు విడిగా చూపించండి, ఊళ్ళో నలుగురు పెద్దల చేత సంతకాలు చేయించండి. కొత్త జనాభా లెక్కలకు ఆధార తేదీ 2027 మార్చి 1 అని ప్రకటించారు. ఎన్యుమరేటరు మీ గడప దగ్గరికి వచ్చినప్పుడు ఊళ్ళో ఉండే ముసలివాళ్ళకు తోడుగా ఒకరు ఉండేలా చూసుకోండి. మా పల్లెలో ఆ పని మా మేనకోడలు ఒప్పుకుంది.

అర్జీ రెండోసారి జనవరి చివరి వారంలో ఇచ్చాం. పైన నిర్వచనం పేజీ, దాని కింద ఊరి వరుస, దాని కింద మా 94 గడపల లెక్క. ఈసారి ఆ అధికారి మా నోటుపుస్తకం పేజీని కూడా దస్త్రంలో కుట్టించారు. పొద్దున 7.10 బస్సును మా పల్లె దాకా పంపితే సమయం ఎంత పెరుగుతుందో చూస్తామన్నారు. స్పైరల్ ప్రతి ఒకటి చిన్నాన్న ఇంట్లో ఉంది, ఒకటి మా పల్లె బడిలో. నా దగ్గరున్న ప్రతిలో చివర రెండు తెల్లకాగితాలు కుట్టించుకున్నాను. ఉగాదికి వెళ్ళినప్పుడు ఆ 21 తాళాల్లో ఎన్ని తెరుచుకున్నాయో అందులో రాసుకోవాలి.